మందసం లేకుండా గెలిచిన రోజు

ఈ వారం బైబిల్లో సమూయేలు మొదటి గ్రంథంలో 4వ అధ్యాయం నుంచి 7వ అధ్యాయం దాకా ఒకే బిగిన చదివాను. విడివిడిగా ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు గానీ ఇలా కలిపి చదవడం ఇదే మొదటిసారి, అప్పటి నుంచి నా మనసంతా అక్కడే ఉంది.

యుద్ధానికని ఇశ్రాయేలీయులు ఎబెనెజెరు దగ్గర దిగారు, వాళ్ళ శత్రువులు ఫిలిష్తీయులు ఆఫెకులో. మొదటి పోరులోనే ఇశ్రాయేలీయులు 4,000 మంది పోయారు. పెద్దలు కూర్చుని, యెహోవా ఇవాళ మనల్ని ఎందుకు ఓడించాడు అనుకున్నారు. మంచి ప్రశ్నే. కానీ దాన్ని ఆయన్ని అడగలేదు, వాళ్ళలో వాళ్ళే అడుగుకుని జవాబు కూడా వాళ్ళే చెప్పేసుకున్నారు: షిలోహు నుంచి మందసం, అంటే దేవుని నిబంధన పెట్టె, తెచ్చుకుందాం, అది మన మధ్య ఉంటే చాలు. మందసం పాళెంలోకి రాగానే నేల దద్దరిల్లేలా కేకలు వేశారు. ఆ కేకలు విని ఫిలిష్తీయులకి నిజంగానే వణుకు పుట్టింది. అయినా ఆ రోజు ఇశ్రాయేలులో 30,000 మంది కాల్బలం కూలిపోయింది, యాజకుడు ఏలీ కొడుకులిద్దరూ చనిపోయారు, మందసం శత్రువుల చేతికి పోయింది.

వాళ్ళ మనసులో, పూర్వం గోడలు కూలి తమ వశమైన యెరికో పట్టణం ఉండి ఉంటుందని నాకనిపిస్తుంది. అక్కడా మందసమే, అక్కడా కేకలే. కాకపోతే యెరికో చుట్టూ ఏడు రోజులు తిరగమన్నది యెహోవా, బూర శబ్దం విన్నాక కేకలు వేయమన్నదీ ఆయనే. ఇక్కడ అన్నీ ఉన్నాయి, ఆయన మాట ఒక్కటే లేదు. ఇది చదువుతుంటే నాకు గట్టిగా తగిలింది, ఎందుకంటే ఒకసారి బాగా టెన్షన్‌లో ఉన్నప్పుడు చేసిన ప్రార్థనకి జవాబు వస్తే, ఆ తర్వాత ప్రతి కష్టంలోనూ అదే కీర్తన, అవే మాటలు పట్టుకుని కూర్చున్నాను చాలా కాలం.

7వ అధ్యాయానికి వచ్చేసరికి, ఫిలిష్తీయులు తిరిగి పంపేసిన మందసం కిర్యత్యారీములో కొండ మీద అబీనాదాబు ఇంట్లో ఉంది. అక్కడికి చేరి 20 ఏళ్ళు. ఈసారి దాన్ని తెద్దామని ఎవరూ అన్నట్టు లేదు. విగ్రహాలు తీసేశారు, మిస్పాలో చేరారు, నీళ్ళు తోడి యెహోవా సన్నిధిలో కుమ్మరించారు, ఆ రోజంతా ఉపవాసం ఉండి పాపం చేశామని ఒప్పుకున్నారు. సరిగ్గా అప్పుడే ఫిలిష్తీయులు మీదికి బయల్దేరారు! పొద్దుట్నించీ తిండి లేని జనం, పైగా భయం. ప్రవక్త సమూయేలుతో ఒక్కటే అన్నారు, మా కోసం మొరపెట్టడం మానొద్దు అని. ఆయన పాలు తాగే గొర్రెపిల్లని బలిగా అర్పిస్తూ ఉండగానే శత్రువులు దగ్గరికొచ్చేశారు. ఈసారి పెద్ద శబ్దం పైనుంచి వచ్చింది. ఉరుములకి ఫిలిష్తీయులు తారుమారైపోయారు, ఇశ్రాయేలీయులు తరిమికొట్టారు. ఆ తర్వాత సమూయేలు ఒక రాయి నిలబెట్టి పెట్టిన పేరు చూడండి, ఎబెనెజెరు. అప్పుడు ఓడిపోయింది కూడా ఆ పేరున్న చోటే.

తర్వాత రాజైన దావీదు రోజుల్లో ఇంకో సంగతి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. ఫిలిష్తీయులు రెఫాయీము లోయలో దిగితే దావీదు యెహోవాని అడిగాడు, వెళ్ళమన్నాడు, వెళ్ళి గెలిచాడు. వాళ్ళు మళ్ళీ వచ్చి అదే లోయలో దిగారు. శత్రువూ అదే, చోటూ అదే, పోయినసారి నేరుగా వెళ్ళి గెలిచిన మనిషి. అయినా మళ్ళీ అడిగాడు! ఈసారి జవాబు వేరే, ఎదురుగా వెళ్లొద్దు, చుట్టూ తిరిగి వెనక నుంచి వెళ్ళు, కంబళి చెట్ల కొనల్లో అడుగుల చప్పుడు వినబడ్డాకే కదులు అని.

గెలిచిన అనుభవం ఉన్న సైన్యం, శత్రువు వెనకాల, కత్తులు పట్టుకుని నిలబడి, చెట్ల చివర్ల వైపు చెవులు పెట్టుకుని ఆ చప్పుడు కోసం ఎదురుచూస్తోంది.