ఎడమచేతి సంతకం

కరెంటు కంపెనీలో స్తంభాలెక్కే పని నాది. ప్రమాదంలో కుడిచెయ్యి పోయాక ఇవాళ మళ్లీ డ్యూటీలో చేరాను. జాయినింగ్ రిపోర్టు తీసుకున్నారు, పోస్టు ఏమిటో మాత్రం తేలలేదు.

కాగితం చూడగానే సీనియర్ అసిస్టెంటు గారు సంతకం సర్వీసు రిజిస్టర్లోదానితో కలవట్లేదన్నారు. ఎలా కలుస్తుంది? ఆ సంతకం పెట్టిన చెయ్యి మోచేతి కింద నుంచి లేదు. వైకల్యం ఉందని ఇచ్చిన సదరం సర్టిఫికెట్టు ఆయన బల్ల మీదే ఉంది. చివరికి మా ఇంజనీరు ఏడీఈ గారి ఎదుట ఎడమచేత్తో కొత్తగా నమూనా సంతకాలు పెట్టించి అటెస్ట్ చేయించారు. ఒక్కోటి ఒక్కో రకంగా వచ్చింది. కాగితం కదలకుండా పట్టుకోవడానికి రెండో చెయ్యి లేకపోతే ఎంత ఇబ్బందో ఇప్పుడు తెలుస్తోంది. అటెండరు వచ్చి పేపర్ వెయిట్ పెట్టాడు.

లైన్లో కరెంటు ఆపామని చెప్పే లైన్ క్లియర్ తీసుకునే స్తంభం ఎక్కాను ఆరోజు. ఎవరి జనరేటర్ నుంచో కరెంటు లైన్లోకి వెనక్కి వచ్చింది. ఆ సంగతి ఇక రాయను.

టీ దగ్గర అందరిదీ ఒకటే మాట. "అన్నా, పోల్ ఎక్కలేవు గదా, అన్‌ఫిట్ పెట్టుకో, పిల్లగానికి నౌకరి వస్తది." అంటే పనికిరానని మెడికల్‌గా రాయించుకుని తప్పుకుంటే ఉద్యోగం కొడుక్కి వస్తుందని. ప్రేమతోనే అంటున్నారు. కానీ మావాడింకా ఇంటర్ చదువుతున్నాడు, నాకేమో సర్వీసు ఇంకా చాలా ఉంది. ఈ మాట చుట్టాల నోట విని విని మా ఆవిడ కూడా మెత్తబడింది.

ఏడీఈ గారు "మానవతా దృక్పథంతో ఏదో ఒకటి చేద్దాంలే" అన్నారు. మంచివారే. అయితే ఆయన దయ మీద కూర్చుంటే, ఆయన బదిలీ అయిన రోజు నా కుర్చీ కూడా కదులుతుంది. అందుకే యూనియన్ వాళ్లు రాసిచ్చిన దరఖాస్తు ఇచ్చాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం, సెక్షన్ 20(4): సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ సంస్థ ఉద్యోగిని తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చెయ్యలేకపోతే అదే స్కేలులో వేరే పోస్టు ఇవ్వాలి. ఖాళీ లేకపోతే సూపర్‌న్యూమరరీ, అంటే అదనంగా సృష్టించిన పోస్టులో పెట్టాలి, తగిన పోస్టు దొరికేదాకా లేదా రిటైర్మెంటు దాకా. మాది ప్రభుత్వ కంపెనీ కాబట్టి మాకూ ఇదే వర్తిస్తుంది. మాతోపాటు స్తంభాలెక్కే ప్రైవేటు కాంట్రాక్టరు మనుషులకు ఈ సెక్షన్ లేదు. వాళ్లకేమన్నా అయితే నష్టపరిహారం చట్టం పట్టుకుని తిరగాల్సిందే. అది తలచుకుంటే నా గొడవ చిన్నదిగా అనిపిస్తుంది.

యూనియన్ ఆయన ఒక ఆర్టీసీ డ్రైవరు కేసు చెప్పాడు. రంగులు గుర్తుపట్టలేడని 2016లో ఇంటికి పంపేశారు. అదే పే గ్రేడులో సరిపడే ఉద్యోగం ఇవ్వమని, బకాయిల్లో 25 శాతం కట్టమని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తెలంగాణ ఆర్టీసీకి చెప్పింది. గెలిచాడు సరే, తొమ్మిదేళ్లు ఆ ఇల్లు ఎలా గడిచిందో!

దరఖాస్తు కాపీ మీద అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్నాను. క్లర్కు కాస్త మొహం ముడుచుకున్నాడు. ముడుచుకోనీ.

రేపటి నుంచి, కరెంటు పోయిందని జనం ఫోన్లు చేసే ఫ్యూజ్ కాల్ ఆఫీసులో ఫోను చూసుకోమని నోటిమాటగా చెప్పారు. ఆ పని నాకిష్టమే, ఏ ఫీడరు లైను ఎక్కడ ట్రిప్పవుతుందో నిద్రలో లేపినా చెప్తాను. పోస్టూ స్కేలూ రాసి ఆర్డరు ఇవ్వమన్నాను. ఫైలు సోమవారం పై అధికారి ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజనీరు) ఆఫీసుకు వెళ్తుందట. సెలవు కాలం జీతం సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు, దానికి వేరే దరఖాస్తు రాయించాలి.