ఎనిమిది మంది, 36 పేజీలు: నా ఫోటో పత్రిక ఎంతవరకు వచ్చిందంటే

సొంతంగా ఒక ఫోటోగ్రఫీ పత్రిక వేద్దామని కూర్చుని ఇది పదకొండో వారం. చేతిలో ఇంకా ఒక్క కాపీ లేదు. మొదటి ప్రూఫ్, అంటే అచ్చుకు ముందు సరిచూసుకునే నమూనా ప్రింటు మాత్రం వచ్చింది. అది చూసి రెండు రోజులు తిండి సయించలేదు. ఆ సంగతికి వస్తాను.

ముందు లెక్క. ఏ5 సైజు, లోపల 36 పేజీలు, పైన మందపాటి కవరు. మడిచి మధ్యలో పిన్నులు కొట్టే బైండింగు కాబట్టి పేజీలు నాలుగేసి చొప్పునే పెరుగుతాయి. 34 పేజీలకు అంతా సర్దేశాక గానీ ఈ ముక్క గుర్తు రాలేదు. ఇప్పుడు ఒక్కో ఫోటోగ్రాఫర్‌కు నాలుగు పేజీలు, మిగిలిన నాలుగు ముందుమాటకూ పరిచయాలకూ.

ఎవరివి వేయాలో నేను రాసుకున్న మొదటి జాబితాలో పన్నెండు మంది ఉన్నారు. పన్నెండు మందీ ఒకే రకం: వీధి, నలుపు తెలుపు, గోడ మీద పొడుగాటి నీడ. నాకు నచ్చేది అదే మరి! అందులో ఇద్దరిని ఉంచుకుని మళ్లీ వెతికాను. ఇప్పుడున్న వాళ్లలో ఒకామె ఆరేళ్లుగా వాళ్ల అమ్మమ్మ చేతుల్నే తీస్తోంది. ఒకాయన నైట్ డ్యూటీ సెక్యూరిటీ గార్డు, ఉన్నది ఫోన్ ఒక్కటే. ఇంకొకావిడ అసలు కెమెరా ముట్టదు, రసాయనం పూసిన కాగితం మీద ఆకులు పరిచి ఎండలో సయనోటైప్‌లు, అంటే నీలిరంగు ముద్రలు వేస్తుంది. ఫోటోల హక్కు వాళ్లదే, ఈ సంచికలో ఒక్కసారి అచ్చు వేసుకోవడానికే అనుమతి అని అందరికీ మెయిల్ రాసి, ఒప్పుకుంటూ జవాబు వచ్చాకే ఫైళ్లు అడిగాను.

ఫైళ్ల దగ్గర ఒక వారం పోయింది. ఇద్దరు చాట్‌లో పంపేశారు, అవి 1600 పిక్సెళ్లకు కుంచించుకుపోయి వచ్చాయి. అంగుళానికి 300 లెక్కన అది 13.5 సెంటీమీటర్లు. పేజీ నిండా ఫోటో వేయాలంటే, కటింగుకు నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు కలుపుకుని, దాదాపు 1820 × 2550 పిక్సెళ్లు కావాలి. ఒరిజినల్ ఫైళ్లను డ్రైవ్‌లో పెట్టించుకున్నాను.

వరస కుదర్చడానికి అన్నీ చిన్న సైజులో ప్రింటు తీసి నేల మీద పరిచాను. ఫ్యాన్ ఆపుకుని, చెమటలు కక్కుతూ నాలుగు సాయంత్రాలు. స్క్రీన్ మీద బాగున్న జతలు నేల మీద కొట్టుకున్నాయి. రెండు పేజీలకూ పరిచిన ఒక ఫోటోలో మనిషి ముక్కు సరిగ్గా మడతలో పడింది.

ఇక ప్రూఫ్. పదిహేడో పేజీలో నల్లటి గోడకు ఆనుకుని నిలబడ్డ ఒక నల్లటి కుర్రాడు. స్క్రీన్ మీద చెంప ఎముక పైన సన్నటి వెలుగు, కింది పెదవి మీద తడి మెరుపు కనిపిస్తాయి. కాగితం మీద రెండు కళ్లు తప్ప ఏమీ లేదు, మొహం గోడలో కలిసిపోయింది. నేను ముచ్చటపడి ఎంచుకున్న 120 జీఎస్ఎం (చదరపు మీటరుకు 120 గ్రాములు) కోటింగ్ లేని కాగితం సిరాను పీల్చుకుంటుంది, చుక్కలు పాకి నీడలు పూడుకుపోతాయి. పైగా నేను స్క్రీన్ వెలుతురు పూర్తిగా పెంచి పనిచేశాను. అదే ప్రూఫ్‌లో తెల్లటి మొహాలన్నీ బాగానే వచ్చాయి. ఫిల్మ్ రోజుల్లో ల్యాబుల వాళ్లు రంగులు సరిచూసుకునే షిర్లీ కార్డుల మీద చాలా ఏళ్లపాటు తెల్లమ్మాయి బొమ్మే ఉండేదని ఎప్పుడో చదివాను. నేనూ కవరు మీది ఫోటోకు సరిపోయేలా వెలుగు చూసుకుని మిగతావన్నీ అలాగే పంపాను కదా అని సిగ్గేసింది.

స్క్రీన్ వెలుతురు సగానికి తగ్గించాను. ఆ కాగితం మీద ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూపించే సాఫ్ట్ ప్రూఫ్‌ను ఆ కాగితం ప్రొఫైల్‌తో పెట్టుకుని, వెలుగునీడల్ని సర్దే కర్వ్స్‌లో నీడల్ని కొద్దికొద్దిగా పైకి లాగుతూ అదే ఫోటోను ఐదు మోతాదుల్లో తయారుచేసి, ఒకే షీటు మీద అసలు కాగితంతోనే ప్రింటు తీయించాను. నాకు ఐదోది నచ్చింది, మొహంలో ప్రతి గీతా కనిపిస్తోంది. షీటును ఆ ఫోటో తీసిన అమ్మాయికి పోస్టులో పంపితే ఫోన్ చేసి, "అన్నా, మా తమ్ముడు అంత తెల్లగా ఉండడు. రెండోది వేయండి" అంది. పగటి వెలుగులో కిటికీ దగ్గర పెట్టి చూస్తే నిజమే. రెండోదాంట్లో చెంప మీద వెలుగు ఉంది, కుర్రాడు కుర్రాడిలాగే ఉన్నాడు. అప్పటినుంచి ఎవరి పేజీల ప్రూఫ్ వాళ్లకే పంపుతున్నాను. పోస్టు ఖర్చు పెరిగింది, పదిరోజులు ఆలస్యమైంది.

ఇంకోటి, తొమ్మిది షీట్లు ఒకదానిలో ఒకటి మడిస్తే లోపలివి బయటికి పొడుచుకొస్తాయి. అంచు కోశాక మధ్య పేజీల్లో ఒకటిన్నర మిల్లీమీటరు దాకా పోయింది, పేజీ నంబర్లు అంచుకు అతుక్కున్నట్టున్నాయి. వాటిని లోపలికి జరపాలి.

రెండో సంచిక ఉంటుందా అని ఒక మిత్రుడు అడుగుతున్నాడు. జపాన్‌లో 1968లో మొదలైన ఫోటో పత్రిక ప్రొవోక్ మూడు సంచికలతోనే ఆగింది, ఇప్పటికీ దాని గురించి మాట్లాడుకుంటున్నారని చెప్పి తప్పించుకున్నాను. ప్రస్తుతానికి సయనోటైప్ నీలం ఊదారంగులోకి తిరుగుతోంది. శనివారం మూడో ప్రూఫ్ వస్తుంది, ముందు ఆ పేజీ తీసి చూడాలి.