ఆ వీడియో చివర కత్తిరించారు

మొన్న శనివారం తొమ్మిదో తరగతి వాళ్లకు ఒక పాత వీడియో వేసి చూపించాను. సందులో పిల్లలు క్రికెట్ ఆడుకుంటుంటారు, బైక్ మీద ఇద్దరు వచ్చి ఒక పిల్లాడిని ఎత్తుకుపోతారు. ఏం జరిగిందని అడిగితే క్లాసంతా ఒకటే మాట, "కిడ్నాప్ మేడం!"

అప్పుడు మొత్తం వీడియో వేశాను. అదే బైక్ తిరిగొస్తుంది, పిల్లాడిని దింపేస్తారు, ఒకతను బోర్డు పట్టుకుని చూపిస్తాడు. పిల్లలు జాగ్రత్త అని చెప్పడానికి కరాచీలో ఒక స్వచ్ఛంద సంస్థ తీసిన ప్రచార వీడియో అది. ఆ చివరి ముక్క తీసేసి మన దగ్గర వాట్సాప్‌లో తిప్పారు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు వచ్చాయన్న పుకార్లతో దేశంలో ఎంతోమందిని కొట్టి చంపారు. ఆ మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కూడా అలాగే చంపేశారు. ఈ సంగతి చెప్పాక క్లాసులో ఎవరూ కాసేపు మాట్లాడలేదు.

అప్పుడే జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు పోలీసుల్ని ఊరూరా పంపి, జానపద పాటలు పాడించి మరీ జనానికి నచ్చజెప్పారు. నాకు అదే దారి చూపించింది. ఫోన్‌లో వచ్చిన భయాన్ని మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడితేనే పోగొట్టగలం.

పేపర్లతో కూడా చేయిస్తాను. ఒకే రోజువి మూడు పేపర్లు తెచ్చి, ఒకే సభ గురించిన వార్తలో చివర ఉండే క్రియల కింద గీత గీయమంటాను. ఒకదాంట్లో "అన్నారు", ఇంకోదాంట్లో "ధ్వజమెత్తారు", మూడోదాంట్లో "నోరు పారేసుకున్నారు". మాట్లాడింది ఒకే మనిషి, ఒకే మాట. సభకు ఒక పేపర్లో జనం పోటెత్తారు, మరోదాంట్లో కుర్చీలు వెలవెలబోయాయి. "తెలుస్తోంది" అని ఉన్న చోటల్లా ఎవరికి తెలుస్తోంది అని అడగమంటాను. ఇది పిల్లలకు భలే నచ్చింది, ఇప్పుడు పేపర్ చేతికిస్తే ముందు చివరి మాటే వెతుకుతున్నారు.

సిలబస్ కాలేదు, ఇవన్నీ ఎందుకు అన్నవాళ్లూ ఉన్నారు. నాకు అంతకంటే టెన్షన్ పెట్టింది ఒక అబ్బాయి మాట: "అయితే అన్నీ అబద్ధాలే కదా మేడం, ఏదీ నమ్మొద్దు." ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఏదీ నమ్మనివాడు తెలుసుకోవడమే మానేస్తాడు, అప్పుడు వాడికి నిజం చెప్పినా ఎక్కదు. అందుకే ఇప్పుడు అనుమానం వచ్చిందని చెబితే సరిపోదు, వెళ్లి కనుక్కుని రావాలి అని పెట్టాను.

పోయిన నెల మా ఊరి గ్రూపులో బడి మూసేస్తున్నారట అని మెసేజ్ వచ్చింది. ఒక అమ్మాయి వాళ్ల నాన్న ఫోన్ పట్టుకుని, పంపినాయన్ని అడిగి, ఆయనకు పంపినాయన్ని అడిగి, నాలుగో మనిషి దగ్గర ఆగిపోయింది. ఆయన "నాకూ ఎవరో పంపిండ్రమ్మా" అన్నాడట. మర్నాడు నేరుగా మా హెడ్మాస్టర్ గదికి వెళ్లి, అలాంటి ఆర్డరేమైనా వచ్చిందా సార్ అని అడిగింది. రాలేదన్నారు. రాలేదని, ఎవర్ని అడిగిందో, ఏ రోజు అడిగిందో రాసి అదే గ్రూపులో పెట్టించింది.

ఇద్దరే చూసి బాగుందన్నారు. ఆమె మాత్రం ఆ నోట్‌బుక్ పేజీ తెచ్చి నాకు చూపించింది, నాలుగు పేర్లు, పక్కన టైములు, చివర హెడ్మాస్టర్ సార్ చెప్పిన మాట.