లీస్‌బర్గ్‌లో మార్షల్ గారి ఇల్లు

వర్జీనియాలో యాష్‌బర్న్ గురించి మనవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు, గ్రాసరీకి వెళ్ళినా పార్కుకి వెళ్ళినా తెలుగు మాట వినిపిస్తూనే ఉంటుంది. మా పిన్ని కూతురు వాళ్ళుండేది అక్కడే, ఆ పక్క ఊరే లీస్‌బర్గ్. అక్కడ డొడోనా మేనర్ అని ఒక పాత ఇల్లుంది, జార్జ్ మార్షల్ గారిది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దెబ్బతిన్న యూరప్‌ని నిలబెట్టడానికి అమెరికా చేసిన సాయం, అదే మార్షల్ ప్లాన్, గురించి చదువుకున్నప్పట్నుంచీ ఆయనంటే నాకు చాలా గౌరవం, అందుకే వైట్‌హౌస్ తర్వాత చూద్దాం ముందు ఇక్కడికే తీసుకెళ్ళమని పట్టుబట్టా.

పెద్ద పెద్ద ఓక్ చెట్లు, ముందు స్తంభాలు. అంత హోదా చూసిన మనిషి ఇల్లంటే ఏదో ఊహించుకుంటాం గానీ లోపల మామూలు సంసారం చేసుకున్న ఇల్లులాగే ఉంది, వంటగది 1950ల నాటి తీరులోనే ఉంచారు. మార్షల్ దంపతులు 1941లో కొనేనాటికి ఆయన అమెరికా ఆర్మీ చీఫ్. ఆ బాధ్యత తీసుకుంది 1939 సెప్టెంబర్ 1న, సరిగ్గా హిట్లర్ పోలండ్ మీద పడ్డ రోజు. యుద్ధమంతా వెనకుండి నడిపించి కూడా, ఫ్రాన్స్ తీరంలో నార్మండీ దాడికి నాయకుడిగా నన్ను పంపండని ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్‌ని నోరు తెరిచి అడగలేదు, ఆ అవకాశం జనరల్ ఐసెన్‌హోవర్‌కి వెళ్ళింది.

నేను కదల్లేకపోయింది మాత్రం మెట్ల దగ్గర. 1945 నవంబర్లో రిటైరై, ఇక హాయిగా తోటపని చేసుకుందామని భార్య క్యాథరిన్‌తో ఇక్కడికొచ్చేశారు. ఆవిడ కాసేపు నడుం వాలుద్దామని పైకెళ్తుంటే ఫోన్ మోగింది, అటువైపు ప్రెసిడెంట్ ట్రూమన్, చైనా వెళ్ళి అక్కడి ప్రభుత్వాధినేత చియాంగ్ కై షేక్‌కీ కమ్యూనిస్టులకీ రాజీ కుదర్చాలని. ఈయన సరే అనేశారు. ఆవిడ విశ్రాంతి పాడుచేయడం ఇష్టంలేక ఏమీ చెప్పలేదు, ఆవిడ కిందికి దిగేసరికి రేడియోలో ఆ వార్తే వస్తోందట! ఆ మెట్ల కింద నిలబడి ఆవిడకి ఎలా అనిపించి ఉంటుందా అని చాలాసేపు ఆలోచించా.

చైనాలో ఏడాదిపైన తిప్పలుపడ్డా రాజీ నిలబడలేదు. ఆయన కెరీర్ గురించి చెప్పేవాళ్ళు ఇది దాటేస్తుంటారు, నాకైతే అది సరైంది కాదనిపిస్తుంది, ఎందుకంటే ఆ ఓటమి తర్వాతే, 1947లో సెక్రటరీ ఆఫ్ స్టేట్, అంటే విదేశాంగ మంత్రి అయ్యాక, జూన్ 5న హార్వర్డ్ యూనివర్సిటీలో మార్షల్ ప్లాన్‌కి నాంది పలికిన ఆ చిన్న ప్రసంగం చేశారు. మా పోరాటం ఏ దేశం మీదా కాదు, ఆకలి మీద, పేదరికం మీద అని. నాలుగేళ్ళలో దాదాపు 1300 కోట్ల డాలర్ల సాయం పశ్చిమ యూరప్‌కి వెళ్ళింది, ఓడిపోయిన పశ్చిమ జర్మనీకి కూడా ఇచ్చారు, అది నాకు అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది. అలాంటి మనిషిని 1951లో సెనేటర్ మెకార్తీ కమ్యూనిస్టు కుట్రలో భాగం అన్నాడు, చదివితే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. 1953లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, వృత్తిరీత్యా సైనికుడైన వ్యక్తికి అది రావడం అదే మొదటిసారి. ఎంత అడిగినా ఆత్మకథ మాత్రం రాయలేదు.

ఆ చుట్టుపక్కల ఉండేవాళ్ళు టూర్ టైమింగ్స్ చూసుకుని వెళ్ళండి, హైస్కూల్ పిల్లలుంటే తప్పకుండా వెంట తీసుకెళ్ళండి, గైడ్‌ని ఆ ఫోన్ సంగతి చెప్పమని అడగండి.