జెండాకి ఉల్టా లేదు

మా ఆదోనిలో ఆగస్టు మొదలైందంటే బ్లౌజులు పక్కన పెట్టి జెండాలు కుడతాను. ఎక్కువమంది అడిగేది మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. 3:2 ఉండాలన్న రూలు దాంట్లోనే కుదిరిపోతుంది. ఒక్కో రంగుకి ఎనిమిదించులు. కానీ మూడు పట్టీలూ ఒకే కొలతకి కత్తిరిస్తే తంటానే. కాషాయానికి పైఅంచు, ఆకుపచ్చకి కిందంచు మడవాలి కదా, వాటికి కాస్త గుడ్డ ఎక్కువ వదలాలి. లేదంటే తెలుపు వెడల్పై, మిగతా రెండూ బక్కచిక్కుతాయి.

అసలు పని చక్రం దగ్గర. 900 × 600 మిల్లీమీటర్ల జెండాకి చక్రం 185 ఉండాలి. తెల్ల పట్టీయే 200. పైన ముప్పావు సెంటీమీటరు, కింద ముప్పావు, అంతే మిగిలేది. చక్రాన్ని చొక్కా గుండీలా చిన్నగా వేసిన జెండాలు చూస్తే నాకు చిరాకు. చక్రంలోని 24 ఆకులు, అంటే మధ్య నుంచి అంచుదాకా వెళ్లే గీతలు, గీయడానికి లెక్కలేం అక్కర్లేదు. వృత్తం గీసిన కంపాసు కొలతతోనే దానిమీద గుర్తులు పెట్టుకుంటూ పోతే ఆరు భాగాలొస్తాయి. రెండుసార్లు సగం చేస్తే 24.

పింగళి వెంకయ్య 1921లో బెజవాడలో గాంధీకి చూపించింది ఎరుపు, ఆకుపచ్చ జెండా. తెలుపు, రాట్నం గాంధీ చేర్పించారు. ఎరుపు హిందువులది, ఆకుపచ్చ ముస్లింలది అని అప్పట్లో చెప్పేవాళ్లు. 1931లో ఎరుపు పోయి కాషాయం వచ్చింది, రంగులకి మతం అంటగట్టొద్దనీ కాంగ్రెస్ తీర్మానించింది. ఆకుపచ్చంటే నేలతో, పచ్చని మొక్కలతో మనకున్న బంధమని 1947లో రాధాకృష్ణన్ చెప్పారు. మా నల్లరేగడి పత్తి చేల మధ్య పెరిగినదాన్ని, నాకు నచ్చే అర్థం అదే.

మరి రాట్నం ఎందుకు తీసేశారు? 1947 జూలై 22న రాజ్యాంగ సభలో నెహ్రూ చెప్పిన కారణం వింటే ఎవరో టైలర్ చెప్పారేమో అనిపిస్తుంది. రాట్నానికి చక్రం ఒక పక్క, కదురు ఒక పక్క. జెండా వెనక నుంచి చూస్తే అది తారుమారవుతుంది. సారనాథ్ అశోక స్తంభం నుంచి తీసుకున్న చక్రానికి ఆ పేచీ లేదు, ఎటు చూసినా ఒకటే. నేను కుట్టే ప్రతి గుడ్డకీ ఉల్టా, సీదా ఉంటాయి, జెండాకి తప్ప.

2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం పాలిస్టర్‌కీ, మిషన్ మీద చేసినవాటికీ ఒప్పుకున్నాక మార్కెట్లో రెడీమేడ్ జెండాలు కుప్పలుగా దొరుకుతున్నాయి. ధరలో నేను వాటితో పోటీ పడలేను. కాకపోతే కొన్నిట్లో ప్రింటు ఒకవైపే పడి, వెనకవైపు చక్రం వెలిసిపోయినట్టుంటుంది. చక్రం రెండువైపులా పూర్తిగా కనబడాలని జెండా నియమాలున్న ఫ్లాగ్ కోడ్‌లోనే ఉంది. అందుకే నేను స్టెన్సిల్ పెట్టి రెండో వైపు కూడా రంగు వేస్తాను. ఆ వైపు సెంటర్ కుదర్చడానికే సగం పూట పోతుంది.