ముప్పై ఎనిమిది శాతం దగ్గర ఆగిపోయిన బండి

నిన్న సాయంత్రం ఉప్పల్ నుంచి తార్నాకకు వస్తుండగా, తెరపై 38 శాతం ఛార్జింగ్ చూపిస్తూనే మా ఎలక్ట్రిక్ స్కూటర్ హబ్సిగూడ దగ్గర నడిరోడ్డుపై ఆగిపోయింది. వెనుక కూర్చున్న అమ్మ మందుల సంచిని గుండెకు హత్తుకొని దిగింది; ఆమె కళ్లలోని భయం నేను మరచిపోలేను. ఇది మూడోసారి.

సర్వీస్ సెంటర్‌కు వెళ్లిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామని చెప్పి పంపించేస్తున్నారు. అయితే లిథియం అయాన్ బ్యాటరీ లోపల ఉండే చిన్న చిన్న సెల్‌లలో ఒక్కటి బలహీనపడినా, ఎక్కువ కరెంటు లాగినప్పుడు దాని వోల్టేజీ పడిపోయి, బ్యాటరీని కాపాడే సర్క్యూట్ మొత్తం సరఫరాను నిలిపివేసే అవకాశం ఉంది. అందుకే ఈసారి లోడ్‌పై, అంటే కరెంటు లాగుతుండగా, ప్రతి సెల్‌నూ పరీక్షించి, ఫలితాన్ని రాతపూర్వకంగా ఇవ్వమని అడిగాను. ఇంకా ఇవ్వలేదు.