ముందు మైకు, తర్వాతే తోరణాలు

మన బడి విశాఖపట్నం మహారాణిపేటలో, సముద్రానికి కూతవేటు దూరంలో ఉంది. వార్షికోత్సవం జమాఖర్చులన్నీ మా తెలుగు మాస్టారే చూసేవారు. చందాలు చేతికందగానే మేం రంగు కాగితాలు, తోరణాలు, ముఖ్య అతిథికి గజమాల అంటూ ఎగబడేవాళ్ళం. ఆయన మైకు సెట్టు, భోజనాలు తేల్చాకే మిగిలింది మా చేతిలో పెట్టేవారు.

తేదీ దగ్గరా ఆయనది గట్టి పట్టే. అక్టోబరు, నవంబరు మనకి తుఫానుల కాలం. కార్తీకంలో పెళ్ళిళ్ళ జోరుకి పూర్ణామార్కెట్లో బంతిపూలు ముట్టుకోనివ్వవు. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం పట్టిందంటే ముహూర్తాలుండవు. షామియానా వాళ్ళు, వంటవాళ్ళు ఖాళీగా ఉంటారు, బేరం కుదురుతుంది. ఆ రోజుల్లో ఐదున్నరకే చీకటి పడుతుంది కాబట్టి సభ మూడింటికే మొదలుపెట్టించేవారు. లైట్ల ఖర్చు చాలావరకు తప్పేది.

మైకు దగ్గర మాత్రం ఆయన బేరమాడగా నేనెప్పుడూ చూడలేదు. ముందురోజే మైకు పెట్టించి, క్లాసులో అందరికన్నా సన్నని గొంతున్న అమ్మాయిని పిలిచి పద్యం చదవమనేవారు. తాను ప్రహరీగోడ పక్కన ఆఖరి వరసలో కూర్చునేవారు. సముద్రపు గాలికి మైకు బుసబుసమంటే తన జేబురుమాలే దానికి చుట్టి దారంతో కట్టించేవారు. "ఈ పిల్ల తల్లి పని మానుకుని వస్తాదిరా. ఎక్కడో వెనకాల నిలబడతాది. ఆవిడకి వినపడాలి" అనేవారు. సభకి ఖర్చు ఎక్కడ పెట్టాలో నాకు తెలిసిందంతా ఆ మాటలోనే ఉంది.

ఇప్పుడు మన పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి కమిటీలో పెద్ద ఫ్లెక్సీలు, అందరికీ జ్ఞాపికలు, బీచ్ రోడ్డు హోటల్లో హాలు అని చాలా అనుకున్నాం. నేను బడి మైదానమే కావాలని పట్టుబట్టాను. మన టైమంతా మాస్టార్ల ఇళ్ళకి వెళ్ళి పిలవడానికే పెడదామన్నాను. ఫోన్లో పిలిస్తే "చూస్తాంలే బాబూ" అంటారు. గుమ్మంలోకి వెళ్తేనే అసలు ఇబ్బంది చెబుతారు. గాజువాకలో ఉంటున్న మా లెక్కల టీచరుగారు కాఫీ ఇచ్చి, కాసేపు ఆగి, "స్టేజీకి మెట్లెన్ని నాయనా?" అని అడిగారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మర్నాడే షామియానా అతనితో మాట్లాడి స్టేజీ ఎత్తు ఒక్క మెట్టుకి తగ్గించాం. దాంతో అద్దె కూడా కొంత తగ్గింది. ఆ డబ్బు ఆవిడని తీసుకొచ్చే కారుకి సరిపోయింది.